చెల్లెలి వేలికంటిన జిగురు

నా చిన్నప్పుడు అహోబిలం కొండ కింద ఒక మొక్క పొట్టేలును పట్టుకుని మింగింది. మొన్న మనవరాలు ఫోనులో పురుగులు తినే మొక్కల వీడియో చూపించి మురిసిపోతుంటే, ఊరుకోలేక ఈ మాట అన్నాను. పిల్ల కళ్లు పెద్దవయ్యేసరికి దిద్దుకున్నాను. పొట్టేలు కాదు, గొర్రెపిల్ల. గొర్రెపిల్ల కూడా కాదు, దోమ. మొక్క మొత్తం రూపాయి బిళ్లంత. నేనింత త్వరగా దిగిరావడానికి ఒక కారణముంది.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, చెల్లెలికి ఆరు. వానలు తగ్గాక మేకలు తోలుకుని కొండ కిందికి పోయేవాళ్లం. అక్కడ ఊటనీళ్లతో ఎప్పుడూ తడిసి ఉండే గులకనేల ఒకటుంది. గడ్డి కూడా సరిగా మొలవని ఆ చోట ఎర్రటి చిన్న మొక్కలు నేలకు అతుక్కుని ఉండేవి. ఆకుల నిండా వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన మంచుబొట్టు లాంటి బొట్టు. ఎంత ఎండెక్కినా ఆ బొట్లు ఆరవు. చెల్లెలు ముచ్చటపడి వేలు పెట్టింది. జిగురు తీగలా సాగి వేలికి అంటుకుంది.

నా నోరు ఊరుకుంటుందా!

"అయిపాయె పాపా! అది నెత్తురు తాగే చెట్టు. ఎంత ఎర్రగుండాదో చూడు. ఇంగ నీ యేలు కరిగిపోతాది. కూడు తింటే ఆ జిగురు కడుపులోకి గూడా దిగుతాది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వేలిని పావడా అంచులో చుట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ పూట కూడు ముట్టలేదు. మరునాడూ ముట్టలేదు. అమ్మ బతిమాలి తినిపించబోతే పళ్లు బిగించింది. సాయంత్రానికి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. దిష్టి తగిలిందని ఉప్పు తిప్పారు. అమ్మ ఏడుస్తూనే ఉంది. చెప్పేద్దామంటే నాయన కొడతాడని భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది: నేనన్నది నిజమే అయితే? నా అబద్ధాన్ని అప్పటికి నేనే నమ్మేశాను. దొంగచాటుగా చెల్లెలి వేలు చూస్తే, కొస కాస్త అరిగినట్టే కనబడింది.

నంద్యాలలో టీచరు ట్రైనింగు చదువుతూ సెలవులకు వచ్చిన పక్కింటి అక్క, చెల్లెలి పక్కన కూర్చుని చెవిలో ఏదో అడిగింది. విని, ఎవరికీ ఏమీ చెప్పకుండా లేచి వెళ్లింది. తెల్లారి వచ్చి, చెల్లెలిని చంకనేసుకుని, నన్ను రెక్క పట్టుకుని కొండ కిందికి తీసుకుపోయింది.

"ఏమప్పా, ఇదేనా నెత్తురు తాగేది?"

"ఔనక్కా."

"దీని సంగతి నాకూ తెలుసులే. ఇది అందర్నీ పట్టుకోదు, అబద్ధమాడినోన్నే పట్టుకుంటాది. నువ్వాడలేదు గదా, పెట్టు యేలు."

చెయ్యి ముందుకు రాలేదు. ఆకు మీద ఒక దోమ కొట్టుకుంటోంది. అది కొట్టుకున్నకొద్దీ చుట్టూ ఉన్న వెంట్రుకలు దాని మీదికి వంగుతున్నాయి.

"ఊరికే చెప్పినా అక్కా! అంతా నేనే కల్పించినా! పాపా, నీ యేలికేం కాదే, కూడు తినవే!" అని అరుస్తూ అక్కడే కూలబడ్డాను.

అక్క నవ్వలేదు, కొట్టలేదు. తన వేళ్లన్నీ ఒక్కొక్కటిగా ఆకు మీద పెట్టి, జిగురును నా చొక్కాకు తుడిచింది. "నేను చెప్పింది గూడా అబద్ధమేలే" అంది. ఆ తడినేలలో సారం లేదట. అందుకే ఆ మొక్క దోమలతో కడుపు నింపుకుంటుందట. నీటిబొట్టనుకుని వాలిన పురుగును జిగురుతో పట్టి, ఆకు మడిచి, నెమ్మదిగా అరిగించుకుంటుందట. చివరికి రెక్కలూ డొల్లా మిగులుతాయట. మనిషి వేలిని అది ఏమీ చేయలేదని చెప్పి, నన్నూ పెట్టమంది. కళ్లు మూసుకుని చూపుడువేలు పెట్టాను.

చెల్లెలు పావడా అంచు విప్పి, తన వేలిని మొదలునుంచి కొసదాకా తడిమి చూసుకుంది.

"ఆకలైతాందక్కా" అంది.

ఆ రోజు కూడు నేనే కలిపి పెట్టాను. గంపెడన్నం తింది. సరే, మూడు ముద్దలు.

గొప్పలు చెప్పడం నేను మానలేదు, మానలేను. కానీ వినేవాళ్ల కళ్లలో భయం కనబడితే చాలు, నా చూపుడువేలు దానంతటదే చొక్కా అంచుకు పోతుంది. అసలు కొలత చెప్పేదాకా ఆ జిగురు వదలదు.