ఉడుము పోయేదాకా

మా అక్క ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే "కాలేజీలో" అని ఊరుకుంటాను. ఇంకా గుచ్చి గుచ్చి అడిగారా, ఉన్నమాట చెప్పేస్తాను: బల్లుల మెదళ్ళు కోస్తుంది. అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు! ఒకావిడైతే చేతిలో ఉన్న టీ కప్పు పక్కన పెట్టేసి, మళ్ళీ దాని జోలికి పోలేదు.

కోయడమంటే కత్తి పట్టుకుని తరగడం కాదు. మెదడుని కరిగిన మైనంలో పెట్టి, దిమ్మలా గట్టిపడ్డాక కోత మిషనుకి బిగించి పిడి తిప్పుతుంది. ఒక్కో చుట్టుకి ఒక్కో పొర ఊడి, ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా సాగుతుంది. ఆ పొరల ముందు ఉల్లిపొర దుప్పటి కింద లెక్క. వాటిని సన్నటి కుంచెతో ఎత్తి, గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజుపలకల మీదికి ఎక్కించాలి. కాస్త గాలి తగిలిందంటే అన్నీ చెల్లాచెదురే; ఏది ముందుదో ఏది వెనకదో తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుకని కోతకి కూర్చునే ముందు అక్క ఫ్యాను కట్టేస్తుంది, గాలి బయటికి లాగే మరనీ కట్టేస్తుంది, తలుపు కింద తడిగుడ్డ కుక్కుతుంది. అసలే అది నేలమాళిగ. కిటికీ లేదు. పెళ్ళయిన కొత్తలో ఆ గదిలోకి దిగిన మనిషి, కూతురికి నెలలు నిండుతున్నా ఇంకా అందులోనే ఉంది.

ఇంటికొస్తే మాకు పాఠాలు. తొండకి నడినెత్తి మీద ఒక పొలుసు కింద మూడో కన్ను ఉంటుందట. దానికి బొమ్మలు కనపడవు గానీ వెలుతురు ఎంతుందో మెదడుకి చేరవేస్తుందట. గోడ మీద బల్లికి అది లేదట, అయితేనేం, మనకి రంగులే కనపడని మసక చీకట్లో అది రంగులు పోల్చుకుంటుందట. "తొండ పుర్రెకి కూడా కిటికీ ఉందన్నమాట, నీ గదికే లేదు," అని నేనంటే అక్క పడీ పడీ నవ్వేది. మా బావ నడుం పట్టేసి మంచానికి అతుక్కున్న మనిషి. ఆయన గోడ మీది బల్లిని చూసి, "మా ఆవిడొచ్చింది, దాక్కో," అనేవాడు. ఆయన మంచం పట్టాక అక్క జీతమే ఆ ఇంటికి ఆధారం.

ఇంతకీ అసలు సంగతికి వస్తాను. మెదడు నేరుగా మైనంలోకి వెళ్ళదు. ముందు స్పిరిట్లో నానబెట్టి నీరంతా లాగాలి, తర్వాత జైలీన్ అనే మందులో ముంచాలి, ఆ తర్వాతే మైనం. రెండు మందులూ చూడ్డానికి నీళ్ళలాగే ఉంటాయి. సీసాల మీద పేర్లు రాస్తే ఏం లాభం? ఒక్క చుక్క కారితే చాలు, ఆ మందులే సిరాని తినేస్తాయి. అందుకని అక్క మూత తీసి వాసన చూసి చెప్పేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి పొరబడలేదు.

ఆ మధ్య జూలో ఒక ముసలి ఉడుము చచ్చిపోతే దాని మెదడు వీళ్ళకిచ్చారు. పెద్దసారు, అంటే అక్క పైఅధికారి, ఎన్నో ఏళ్ళుగా బల్లి జాతుల మెదళ్ళ మీద పటాల పుస్తకం ఒకటి తయారుచేస్తున్నాడు. బల్లి అయింది, తొండ అయింది, ఉడుము ఒక్కటే మిగిలింది. ఆ మెదడుని అక్క కళ్ళలో పెట్టుకుని చూసుకుంది. స్పిరిట్ మార్చాల్సిన రోజున సీసా మూత తీసి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుని, పోసి, తాళం వేసి వచ్చేసింది. సెలవులయ్యాక వెళ్ళి చూస్తే మెదడు పాలలా తెల్లబడిపోయి ఉంది. నీరు ఇంకా లోపల ఉండగానే జైలీన్ పోసిందన్నమాట. కోయబోతే పొరకి బదులు పొడి రాలింది.

నిజానికి నాకు అంతకుముందే అనుమానం రావలసింది. వాళ్ళింట్లో ఒకరోజు పాలు మాడి, నేను వీధిలోంచే ముక్కు మూసుకుని లోపలికి పరుగెత్తాను. అక్క ఆ పొయ్యి పక్కనే నిలబడి తీరిగ్గా గిన్నెలు తుడుచుకుంటోంది. పరధ్యానం అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిని!

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన రకరకాల సీసాలు వాసన చూపించాడు. అక్క ఒక్కదాన్నీ పోల్చలేదు. "ఆ ఆవిర్లకి దూరంగా ఉంటే కొంతైనా తిరిగి రావచ్చమ్మా. అక్కడే ఉంటే మాత్రం ఇక ఆశ వదులుకోండి," అన్నాడు. దారిలో అక్క ఒకే ఒక్క మాటంది. "పురిటికల్లా వస్తే బావుణ్ణే. పిల్ల నెత్తి వాసన చూడాలి."

కాలేజీ పై అంతస్తులో మ్యూజియం ఉంది. వరసగా కిటికీలు, అద్దాల బీరువాలు, దుమ్ము తుడిచే పని. అక్కడొక ఖాళీ కూడా ఉంది. పెద్దసారు సంతకం పెడితే చాలు. అక్క ఒక్కతీ వెళ్తే నోరు విప్పదని నేనూ తోకలా వెంట వెళ్ళాను.

ఆయన మంచి మనిషే. కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. అంతా విని, "వాసన బొత్తిగా తెలియట్లేదా? ఒకరకంగా మంచిదేనమ్మా, ఆ కంపు బాధ తప్పింది," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మాత్రం నవ్వుమొహంతోనే చెప్పుకుపోతున్నాడు. "ఉడుము మెదడులో ముందు రెండు బుడిపెలుంటాయి చూడండి, సన్నటి కాడల చివర, వాసనకి సంబంధించినవి. ఆ పటాలు లేకపోతే నా పుస్తకానికి తలే లేదు. మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నేను నమ్మను. జూలో ఇంకో ఉడుముంది, అదీ ముసలిదే. అది పోగానే కోసిచ్చేసి హాయిగా పైకి వెళ్ళిపోండి. ఆ రోజే సంతకం పెడతాను."

"సరే సార్," అంది అక్క.

బయటికొచ్చాక దులిపేశాను. "ఏం, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఆయనది ఉడుంపట్టు, నీది మెతకతనం. పోయేది నీ ముక్కే, ఆయన ముక్కు కాదు!"

"దాన్ని పాడుచేసింది నేనేగా? చచ్చాకైనా పనికొస్తుందని ఇస్తే నా చేతుల్లో పొడైపోయింది. ఏ మొహం పెట్టుకుని వదిలెయ్యమంటానే?" అంది. కళ్ళ నిండా నీళ్ళు.

అక్క అడిగిందని తర్వాతి ఆదివారం ఇద్దరం జూకి వెళ్ళాం, ఆ రెండో ఉడుముని చూడ్డానికి. అది బండ మీద ఎండ కాగుతోంది. మమ్మల్ని చూసి తలెత్తి, చీలిన నాలుక బయటికి చాచి, లోపలికి లాక్కుంది.

"గాలిని రుచి చూస్తోంది. నాలుకకి అంటినదాన్ని అంగిట్లో రెండు గుంటల దగ్గరికి చేరుస్తుంది. ఏ కొసకి ఎక్కువ అంటితే అటే మనం ఉన్నామని తెలుస్తుంది," అంది అక్క. పైట చెంగు ముక్కుకి ఆనించుకుని, "నా ఒంటి మీద మందుల కంపు కూడా దానికి తెలిసే ఉంటుంది. నాకే తెలియట్లేదు," అంది.

జూ కాపలాదారుని అడిగాను, ఎలా ఉందని. "దీనికేంటండీ, గుండ్రాయిలా ఉంది! ఇంకా ఏళ్ళూ పూళ్ళూ ఢోకా లేదు," అన్నాడు గర్వంగా.

అక్క మొహం పాలిపోయింది. నేను కడ్డీల్లోకి వంగి, "నీకు చావెప్పుడే తల్లీ?" అన్నాను. అక్క నా జబ్బ మీద ఒక్కటి వేసింది. "ఛీ, అవేం మాటలే! అది మాత్రం ఏం చేస్తుంది పాపం. దానికీ బయటికి పోయే దారి లేదు."

ఉడుము పోలేదు. అది పోయేదాకా ఖాళీగా ఎందుకని పెద్దసారు తొండ పటాల్లో చెడినవి మళ్ళీ కోయమన్నాడు. అక్క రోజూ ఫ్యాను కట్టేసింది, మర కట్టేసింది, తలుపు కింద గుడ్డ కుక్కింది.

పిల్ల పుట్టింది. ఆడపిల్ల, బావ పోలిక. ఇంటికి తెచ్చిన రోజున గది నిండా మనుషులం. అక్క సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి కూర్చుంది. దాని తల్లి పిల్లని అక్క ఒళ్ళో పెట్టిందో లేదో, ఆ గడుగ్గాయి గుడ్డలు పాడుచేసింది. ఏం కంపు! బావ ముక్కు మూసుకున్నాడు, అల్లుడు కిటికీ దగ్గరికి పారిపోయాడు, నేను గుడ్డ పట్టుకుని గబగబా ముందుకొచ్చాను.

అక్క ఇదేమీ గమనించలేదు. కళ్ళు మూసుకుని, పిల్ల నెత్తి మీద ముక్కు ఆనించి, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"అబ్బ, ఎంత కమ్మటి పాల వాసనే!" అంది.

అందరూ గొల్లున నవ్వారు. "అమ్మమ్మకి మనవరాలిదంతా సుగంధమే!" అన్నాడు బావ. అక్క కళ్ళు తెరిచి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఒక్కొక్కరి మొహమూ చూసింది. చివరికి నా చేతిలో గుడ్డ చూసింది. అప్పుడు తనూ నవ్వింది, అందరికంటే గట్టిగా.