మైకు చెడిపోలేదు

ఆదోనిలో జరిగిన మానసిక ఆరోగ్య సదస్సులో మా అన్న మతి తప్పి గలాటా చేశాడని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన గలాటా చెయ్యలేదు. అరిచిన మాట నిజమే, కానీ అరిచేలా చేసింది నేను. ఏళ్ళ తరబడి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా.

డెబ్బైల చివర్లో నేను ఆదోనిలో ఒక మైకు సెట్టు అంగడిలో పనిచేసేవాణ్ణి. అంగడి ఒక సాయిబుది, ఆయనను చాచా అని పిలిచేవాణ్ణి. పెళ్ళిళ్ళకు, ఉరుసులకు, ఎలక్షన్లకు మైకు కట్టడం, జట్కాలో కూర్చుని వీధివీధికీ చాటుకుంటూ పోవడం నా పని. నా గొంతు బాగుంటుందని ఊళ్ళో పేరుండేది.

మా ఇల్లు ఎమ్మిగనూరులో. అమ్మా అన్నా అక్కడే ఉండేవాళ్ళు. అన్న మగ్గం నేసేవాడు. పాతికేళ్ళు దాటాక ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. మగ్గం ఆపినా చప్పుడు వినిపిస్తోందనేవాడు. ఆ చప్పుడులో ఎవరో పిలిచారని లేచి వాకిట్లో నిలబడేవాడు. అమ్మ ఉరుకుంద తీసుకుపోయి ఈరన్న గుడి దగ్గర ఉంచి చూసింది. కొన్నాళ్ళు బాగుండేవాడు, మళ్ళీ మొదలయ్యేది. ఒకరి జోలికి పోయే మనిషి మాత్రం కాదు.

నాకు ఆదోనిలోనే సంబంధం కుదిరింది. అమ్మాయి తండ్రి పత్తి దలాలి. మీ అన్న ఏం చేస్తాడని ఆయన అడిగితే, బళ్ళారిలో మిల్లు పని అని చెప్పాను. పక్కనే కూర్చున్న అమ్మ తల దించుకుంది.

ఆ ఎండాకాలమే కొందరు మాస్టర్లూ పత్తి వ్యాపారులూ కలిసి సదస్సు పెట్టారు. కర్నూలు నుంచి డాక్టరు వస్తాడన్నారు. జనం దానికి పిచ్చోళ్ళ మీటింగు అని పేరు పెట్టారు. చాచా కూడా నన్ను ఆట పట్టించాడు. "జాగ్రత్తప్పా, పోయినోన్ని పోయినట్లే లోపలేసుకుంటారంట. నువ్వు మైకు కాడే ఉండు, అంగడిలో పనుందని సెప్పి బయటపడొచ్చు."

ఎమ్మిగనూరులో కూడా చాటమన్నారు. అక్కడ జట్కా మాట్లాడుకుని బయలుదేరాం. మా వీధి తప్పిద్దామని నేను పక్క సందు చూపించాను. వెంట వచ్చిన మాస్టరు ఒప్పుకోలేదు, నేసేవాళ్ళ వీధి వదిలిపెడితే ఎట్లా అన్నాడు. చివరికి మా ఇంటి ముందు నుంచే పోతూ చెప్పాను. మనసుకు వచ్చిన జబ్బు కూడా జబ్బే, ఇంట్లో దాచిపెట్టొద్దు, సిగ్గుపడొద్దు, అందరూ రండి. రాసిచ్చిన కాగితం మీది నుంచి తల ఎత్తలేదు. లోపల మగ్గం చప్పుడు ఆగిపోవడం మాత్రం తెలిసింది.

సదస్సు రోజున హాలు నిండింది. వేదిక పక్కన ఆంప్లిఫయరు ముందు నేను కూర్చున్నాను. రెండో వరుసలో నాకు కాబోయే మామ. డాక్టరు మెత్తగా మాట్లాడాడు. జ్వరం వస్తే దాచుకుంటామా, దీన్నెందుకు దాచుకోవాలి అని అడిగాడు. చివర్లో ఎవరైనా వచ్చి తమ కష్టం చెప్పుకుంటే పదిమందికి ధైర్యం వస్తుందన్నాడు. అప్పుడు వెనక వరుసల్లోంచి మా అన్న లేచాడు.

ఆయన వచ్చినట్టు అంతవరకు నాకు తెలియదు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. నెమ్మదిగా నడిచి వచ్చి మైకు ముందు నిలబడ్డాడు.

"నాది ఎమ్మిగనూరు సార్. మగ్గం నేస్తాను. నాకు నిద్ర రాదు. మగ్గం నిలిపినా సప్పుడు ఇనపడతాది. అది ఉత్తదేనని నాకు తెలుసు సార్. తెలిసినా ఇనపడతాది."

హాల్లో అందరూ మెడలెత్తి వింటున్నారు. డాక్టరు కుర్చీలో ముందుకు వంగి తల ఊపుతున్నాడు. తన జబ్బు గురించి అంత తేటగా అన్న మాట్లాడటం నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

"నాకై నేను వచ్చేవాన్ని కాదు సార్. మా తమ్ముడే పిలిసె..." అంటూ నా వైపు తిరగబోయాడు.

నా చెయ్యి వాల్యూం నాబు మీదే ఉంది. పూర్తిగా తగ్గించేశాను.

ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ మాట వేదిక దాటడం లేదు. మైకును వేలితో తట్టాడు. వినపడుతోందా అని అడిగాడు. వెనక ఎవరో నవ్వారు. ఇంకాస్త గట్టిగా అడిగాడు. నవ్వులు పెరిగాయి. చివరికి మెడ నరాలు ఉబ్బేలా అరిచి, మైకు స్టాండును రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి రెక్కలు పట్టుకున్నారు. వదలమని గింజుకుంటే చొక్కా చిరిగింది. ఈడ్చుకుంటూ బయటికి తీసుకుపోయారు. డాక్టరు వేదిక దిగి వెళ్ళేసరికి అన్న బస్టాండు వైపు పరుగెత్తిపోయాడట.

చాచా వచ్చి ఏమైందన్నాడు. వైరు లూజు అన్నాను. ఆయన నాబు ఎక్కడుందో చూసి, తిప్పి మునుపటి చోట పెట్టి వెళ్ళిపోయాడు. రెండో వరుసలో మా మామ పక్కనాయనతో ఏదో చెప్పి నవ్వుతున్నాడు.

త్వరలోనే నా పెళ్ళి జరిగింది. అన్నను పిలవలేదు. అబద్ధం ఎంతో కాలం నిలవలేదు. కొన్ని నెలలకే నా భార్యకు, తర్వాత మామకు తెలిసిపోయింది. ఆయన కొంతకాలం నాతో మాట్లాడలేదు, ఆ తర్వాత మాట్లాడాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. ఆ కాస్త కోపానికి భయపడి నేను అంత పని చేశాను.

అన్నకు ఆ రోజు ఏం జరిగిందో సరిగా గుర్తు లేదు. జనం చెప్పిందే నమ్మాడు. తనకు మతి తప్పిందని, మనుషుల మీద పడ్డానని. అంతకు ముందు ఆ చప్పుడు ఉత్తదని ఆయనకు తెలుసు. ఆ తర్వాత ఏది నిజమో ఏది కాదో తేల్చుకునే ధైర్యం పోయింది. కర్నూలుకు తీసుకురమ్మని డాక్టరు మాస్టరుతో కబురు పంపాడు. బస్సులో జనముంటారు, మళ్ళీ ఏం చేస్తానో అని అన్న కదల్లేదు. నేనూ బలవంతం చెయ్యలేదు. సంతకు పోవడం మానేశాడు. శ్రావణంలో ఉరుకుంద పోవడం మానేశాడు. చుట్టాలొస్తే, తనను గదిలో పెట్టి బయట గడియ వెయ్యమని అమ్మను ఆయనే అడిగేవాడు. మేమే బంధించామని వీధిలో అనుకున్నారు. కాదని చెప్పే మొహం నాకు లేదు.

ఎనభైల నడిమిలో మా రెండో కూతురు పుట్టింది. బిడ్డను తీసుకుని ఎమ్మిగనూరు పోయాం. అన్న నడవలో కూర్చుని రాట్నం మీద కండెలకు నూలు చుడుతున్నాడు. అప్పటికే తల నెరిసింది. నా భార్య బిడ్డను ఆయన ఒళ్ళో పెట్టబోతే గబుక్కున గోడకు జరిగాడు.

"వద్దమ్మా, నా చేతికియ్యొద్దు. ఆదోనిలో నేను చేసింది అందరికీ తెలుసు గదా. నాకే తెల్దు."

ఆమె బిడ్డతో లోపలికి పోయింది. నేను ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. మైకు బాగానే ఉండిందని, తగ్గించింది నేనని, రెండో వరుసలో ఎవరున్నారో, వాళ్ళకు బళ్ళారి అని ఏం కథ చెప్పానో, అంతా. మొదట ఆయన రాట్నం తిప్పుతూనే ఉన్నాడు. తర్వాత ఆపాడు.

"అయితే ఆ పొద్దు నేను బాగనే మాట్లాడినానా?"

"బాగనే మాట్లాడినావన్నా. అందరూ ఇన్నారు."

"ఎవర్నీ కొట్టల్యా?"

"ల్యాదు. నిన్నే ఈడ్సినారు."

"ఇన్నేండ్లు ఎట్ల ఊరకుంటివప్పా" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

"తప్పు నాదన్నా. నీకు మతి తప్పల్యా. నేను సిగ్గుపడి నీ మాట ఆపేస్తి, దానికే నువ్వు అరిసినావు. నన్ను మన్నించన్నా."