కప్‌లియానా మీద కప్పే బట్ట

దార్‌ఛుంగి వసారాలో నేల మీద కూర్చుని, మగ్గం ఒక కొసను గోడకు, రెండో కొసను తన నడుముకు కట్టుకుని నేస్తుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. థెంజోల్ ఊళ్లో ఆమె అంత వేగంగా నేసేవాళ్లు లేరు. పోయినేడు కూతురు రెంపుయీ పెళ్లి అనుకున్నదానికంటే ముందే కుదిరింది. పెళ్లికూతురు అత్తారింటికి పువాన్‌దుమ్ అనే నల్లటి బట్ట తీసుకెళ్లాలి. ఎప్పటికైనా భర్త పోతే అతని మీద కప్పేది అదే. కూతురి కోసం మొదలుపెట్టిన బట్ట సగం కూడా కాలేదు. దార్‌ఛుంగి పెట్టె తెరిచి, తాను కాపురానికి తెచ్చుకున్న పువాన్‌దుమ్ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"మరి నా మీద ఏం కప్పుతావే?" అన్నాడు భర్త కప్‌లియానా, పొగాకు పైపు నోట్లోంచి తీయకుండానే.

"మగ్గం మీదున్నది పూర్తిచేసి కప్పుతాలే. అందాకా నువ్వు పోవడానికి వీల్లేదు."

"అయితే నిదానంగానే నెయ్యి."

అందరూ నవ్వారు. ఈ వానాకాలం కప్‌లియానాకు దగ్గు పట్టుకుంది. లోపలినుంచి ఆ దగ్గు వినబడినప్పుడల్లా, పేకను కొట్టే చెక్క కత్తి ఆమె చేతిలో ఆగిపోతుంది. నిన్న పక్కింటి జామ్‌పుయీ వచ్చి మగ్గంకేసి చూసింది. "ఇంకా జానెడేగా అక్కా! నీకిది ఒక్క పూట పని. నెల నుంచీ ఇక్కడే ఉందేమిటి?"

దార్‌ఛుంగి దారపు ఉండ సర్దుకుంది. అంతలో లోపలినుంచి కప్‌లియానా దగ్గి, కాస్త ఆగి, కేకేశాడు.

"నాది ఎంతవరకు వచ్చిందే?"

"సగం కూడా కాలేదు," అని ఆమె ముందుకు వంగింది. పడుగు వదులై ఒళ్లో పడింది.