సంగయ్యకు రాని వాసన

గుమ్మడిదల సంగయ్యకు ముక్కు పనిచేయదు. ఈ సంగతి ఆయన భార్య పుష్పకు తప్ప ఎవరికీ తెలియదు. మందుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు రియాక్టర్ దగ్గర నిలబడి ద్రావకాలు పోసిన మనిషి. ఏటా ఆరోగ్య పరీక్షలో అంతా బాగుందని సంతకం పెట్టాడు. పెట్టకపోతే గేటు బయటే ఉండేవాడు. కాలుష్యం మీద సభలు పెట్టేవాళ్లు ఆయనను ఎన్నడూ పిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరిగేవాడు బాధితుడిలా కనిపించడు మరి.

ఆయన పనిచేసే బ్లాకు మూతపడ్డాక పాత కారు కొని అదే కంపెనీకి తిప్పసాగాడు. పటాన్‌చెరు నుంచి పొద్దుటి షిఫ్టుకు నలుగురు ల్యాబు ఉద్యోగులను చేర్చాలి. వరుసగా రెండు రోజులు బండి రాకపోతే ట్రాన్స్‌పోర్టు చూసే త్రినాథరావు ఇంకో బండిని పెట్టుకుంటాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి మీదే.

ఒకరోజు వెనక సీట్లోని ల్యాబు అమ్మాయి నిషిత, "అంకుల్, నూనె మాడుతున్న వాసన వస్తోంది" అంది.

"ఏసీ వాసన బిడ్డా. రోజూ నడుపుతున్న, నాకు తెల్వదా?"

నెల రోజులు అది ఏసీ వాసనగానే చెల్లింది. తర్వాత బండి సిగ్నళ్ల దగ్గర వణికి ఆగిపోసాగింది. పటాన్‌చెరు మెకానిక్ అంజయ్య బానెట్ ఎత్తి, ఇంజిన్ మీది సెన్సర్ ప్లగ్గు ఊడదీస్తే లోపల నూనె నిలిచి ఉంది. నూనెను ఆపాల్సిన రబ్బరు రింగు ఎండి పగిలిపోయింది.

"వైరు లోపల్నించే నూనె ఎక్కుతది సంగన్నా. ఇయ్యాల సెన్సర్ల ఉన్నది, రేపు బండి కంప్యూటర్ల కూసుంటది. వైర్లన్నీ మార్చాలె. మూడు దినాలు బండి ఈడనే వదులు."

సంగయ్య దగ్గరున్నది ఒక్క ఆదివారం. అంజయ్య కొత్త రింగు మాత్రం వేసి, తిట్టుకుంటూ పంపేశాడు.

ఆదివారం సంగయ్య అటక మీది తెల్ల డబ్బా దించాడు. అందులో టోలీన్, ఆయన రియాక్టర్లో పోసిన ద్రావకాల్లో ఒకటి. ప్లాంటులో గ్రీజైనా రంగైనా దానితోనే తుడిచేవారు. పని పోయినప్పుడు ఆ పారిశ్రామికవాడలో అందరిలాగే ఆయనా ఒక డబ్బా తెచ్చుకున్నాడు. ప్లగ్గులోకి, సెన్సర్ చుట్టూ, వైర్ల కట్ట మీదా ధారగా పోసి గుడ్డతో తుడిచాడు. అద్దంలా మెరిసింది. పద్దెనిమిదేళ్ల అనుభవం కదా. పుష్ప కొంగు అడ్డం పెట్టుకుని, ఘాటు తలకెక్కుతోంది, జెర ఆరనియ్యమంది. ఆరిందనుకుని బానెట్ మూసేశాడు.

మంగళవారం షిఫ్టుకు పోతుంటే గుమ్మడిదల దారిలో బండి ఆగింది. మళ్లీ కదల్లేదు. ల్యాబువాళ్లు ఆటో ఎక్కారు. కారును తాడు కట్టి అంజయ్య షెడ్డుకు లాక్కొచ్చారు. కొత్త రింగు ఉబ్బి ఊడింది. వైర్ల తొడుగు పాకంలా కరిగి ఒకదానికొకటి అంటుకుంది. నూనె మళ్లీ మడుగు కట్టింది.

"దేంతోని కడిగినవ్ అన్నా? షెడ్డంత కంపు. నీకు రాలేదా?"

సంగయ్య వైరు ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

"రాదు. పదేండ్ల సంది రాదు."

ఏ డాక్టరుకూ చెప్పని మాట మెకానిక్‌కు చెప్పాడు. అంజయ్య పానా కింద పెట్టాడు. అప్పుడే త్రినాథరావు ఫోన్ చేశాడు.

"రేపట్నుంచి వేరే బండి పెట్టాం సంగయ్యా. నీ కార్లో టోలీన్ వాసన వస్తోందని నిన్ననే ల్యాబువాళ్లు రాసిచ్చారు. ఉద్యోగుల ఆరోగ్యం విషయంలో కంపెనీ అస్సలు ఊరుకోదు, నీకు తెలుసు కదా."

తెలుసు సార్, అన్నాడు సంగయ్య.