బావ హెలికాప్టరుకి సర్వో

నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. వీడి కాళ్ళకింద ఎవరో నిప్పులు పోసేరని మా అక్క వేళాకోళం చేసేది. అలాంటి నన్ను తీసుకెళ్ళి కొరియర్ కోసం వారాల తరబడి ఎదురుచూసే పనిలో పడేసేడు మా బావ.

బావంటే అక్క మొగుడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొట్టు. తూకాలూ బేరాలూ అయిపోయాక ఆయన మనసంతా ఇంజిన్ల మీదే. అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజుల్లో, ఓడ ఉద్యోగం మానేసి వచ్చిన విశాఖపట్నం స్నేహితుడొకడు తన రిమోట్ హెలికాప్టరు అమ్మేస్తానంటే ఎగిరి గంతేసి తెచ్చుకున్నాడు. బేటరీతో తిరిగే బొమ్మ కాదది. నైట్రో అనే ఘాటు ఆయిలు పోస్తే పొగ కక్కుతూ తిరిగే నిజం ఇంజినుది. కాకపోతే విప్పేసిన ముక్కలుగా వచ్చింది.

ఆ ముక్కలు బిగిస్తూ ఉండగానే ఆయన కుడిచెయ్యి పట్టు తప్పడం మొదలైంది. స్క్రూడ్రైవరు జారిపోయేది, తరవాత టీ గ్లాసు. నరాల డాక్టరు చూసి, ఎడంచేతికి కూడా రావచ్చు, రాకపోవచ్చు, కనిపెట్టుకుని ఉండమన్నాడు. అది విన్న దగ్గర్నించీ అక్క ఆయన అన్నం తింటున్నా, పేపరు తిప్పుతున్నా ఎడంచెయ్యే చూసేది. బావ మాత్రం రిమోట్ తీసి నా ముందు పెట్టేడు.

"సూడు. ఈ కుడి పుల్ల పక్కలకి తిప్పడానికి. అది నువ్వు పట్టు. ఎడం పుల్ల పైకి లేపడానికి. అది నాది. ఒక్కసారి నా యేలితోటి దాన్ని లేపాలిరా. ఆ తరవాత ఏటైనా అవనీ."

ఆయనకున్నది ఆ ఒక్క పుల్లే. ఆ పుల్ల మాట ఇంజినుకి మోసుకెళ్ళే చిన్న మోటారుని సర్వో అంటారు, అగ్గిపెట్టెంత ఉంటుంది. పుల్ల పైకి తోస్తే రెక్కలు వంపు తిరుగుతాయి. అదే క్షణంలో ఇంజిను కూడా జోరందుకోవాలి. లేకపోతే ఆ బరువుకి ఇంజిను మూలిగి చతికిలబడుతుంది. జోరు అందించాల్సిన ఆ సర్వోనే చచ్చిపోయి వచ్చింది. కొత్తది కొనాలి.

విశాఖపట్నంలో ఇలాంటి సామాను అమ్మే షాపుకెళ్ళేం. ప్రతి డబ్బా మీదా రెండు అంకెలు. ఎన్ని కేజీలు లాగుతుందో ఒకటి, ఎంత తొందరగా తిరుగుతుందో ఒకటి. బెల్లం దిమ్మలు తూచుకుంటూ పెరిగినోళ్ళం, కేజీలు కనపడ్డాక ఇంకో అంకె కంటికి ఆనుతుందా? అన్నిటికంటే బలమైనది తియ్యమన్నాం. ఇంజిను జోరు పెంచే థ్రాటిల్‌కి అంత బలం దేనికండీ అన్నాడు షాపాయన. "బలం ఎక్కువైతే నష్టమేటి?" అన్నాడు బావ. బస్సు వెళ్ళిపోతుందని నేను పక్కనుంచి ఒకటే కంగారు పెట్టేను.

కొండకర్ల వైపు చెరుకు కొట్టేసిన మడొకటి చూసుకుని తీసుకెళ్ళేం. ఇంజిను ఒక్క పట్టున అందుకుంది. బావ పుల్ల తోసేడు. రెక్కలు వంగేయి, ఇంజిను మాత్రం తీరుబడిగా ఆలోచించుకుని అప్పుడు అందుకుంది. జానెడు లేచి దబ్బున కూలబడింది. మళ్ళీ తోసేడు, మళ్ళీ అంతే. హెలికాప్టరు కింద కాళ్ళు వంకరపోయాయి. నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. బావ నవ్వేడు. "బలముంది గాని బద్ధకం ఎక్కువరా దీనికి. మనోళ్ళలాగే."

అప్పుడు చూసేం రెండో అంకె. నెట్ సెంటర్లో కూర్చుని దొరికినవన్నీ వెతికి, అన్నిటికంటే చురుకైనది బెంగళూరు నించి తెప్పించడానికి చెప్పేను. ఇహ చూడండి నా అవస్థ. పొద్దున్న లేస్తే కొరియర్ ఆఫీసు, సాయంత్రం కొట్టు కట్టేశాక మళ్ళీ కొరియర్ ఆఫీసు. నన్ను దూరంనుంచి చూడగానే అక్కడాయన లేదని చెయ్యి ఊపేసేవాడు. ఈలోగా బావకి ఏమైపోతుందోనని లోపల ఒకటే పీకులాట. పైకి మాత్రం కొరియర్ వాణ్ణి తిట్టేవాణ్ణి.

వచ్చింది. వంకరపోయిన కాళ్ళు సరిచేసి, సర్వో బిగించి, ఇంజిను స్టార్టు చెయ్యకుండా ముందు వరండాలో పరీక్ష పెట్టుకున్నాం. బావ 'ఊ' అంటూ పుల్ల తోస్తాడు, నేను వంగి సర్వో కదలడం చూస్తాను.

"ఊ" అన్నాడు. సర్వో కాస్త ఆగి కదిలింది.

మళ్ళీ అనమన్నాను. మళ్ళీ అదే ఆలస్యం. నాకు ఏడుపొక్కటే తక్కువ. బేటరీ మార్చేను. వైరు మార్చేను. ఇంకోసారి అనమని, ఆ సర్వో మొహం చూడలేక తలెత్తేను.

"ఊ" అన్నాడు బావ. ఆయన బొటనవేలు పుల్ల మీద అలాగే ఉంది. తరవాత కదిలింది. దాంతోపాటే, రవ్వంత కూడా తేడా లేకుండా, కింద సర్వో చప్పుడు వినపడింది.

"ఏటి, ఎలాగుంది?" అన్నాడు.

అక్క కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తోంది. "ఇదీ మందంగానే ఉంది బావా. ఇంకా చురుకైంది ఉందంట, తెప్పిస్తాను" అన్నాను. దానికంటే చురుకైంది ఎక్కడా లేదని నాకు తెలుసు.

బావ ఎడంచేతి బొటనవేలు మడిచి, చాపి, కాసేపు చూసుకున్నాడు. "సర్వో బాగానే ఉందిలేరా. ఇంకోటి తెప్పించకు. అదొచ్చీసరికి ఈ యేలుండదు. ఇయ్యాలే ఎల్దాం."

అక్క కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, తలుపు తాళం వేసి, మొదటిసారి మాతో వచ్చింది.

మడిలో ఇంజిను స్టార్టు చేసి, రిమోట్‌ని స్టూలు మీద పెట్టి, ఆయన ఎడం పక్క, నేను కుడి పక్క నిలబడ్డాం.

"నా వేలు నీ వేలి మీద పెట్టమంటావా బావా?"

"పెట్టేవంటే సంపేత్తాను."

తరవాత "ఊ" అన్నాడు. బస్సు కాస్త ఆలస్యమైతే కండక్టరుతో దెబ్బలాడే మనిషిని, ఆ రోజు కిమ్మనకుండా ఆయన వేలి వంకే చూస్తూ నిలబడ్డాను. నాకు ఏ తొందరా లేదు. ఎంతసేపైనా సరే అనిపించింది. వేలు కదిలింది. కదలగానే ఇంజిను అందుకుంది, హెలికాప్టరు నేల వదిలి నడుమెత్తున నిలబడింది. అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ దాని మీంచి చూపు తిప్పలేదు. "సూసేవా," అన్నాడు, "ఇది సెప్పిన మాట ఇంటందిరా."