పచ్చికకు పారిన నీళ్ళు

ఈ మధ్య మా కాలనీ పార్కులో పొద్దున్నే రబ్బరు గొట్టంతో పచ్చికకు నీళ్ళు పెడుతున్నారు. కాలిన ఇసుక మీద, కోసిన గడ్డి మీద నీళ్ళు పడగానే లేచే వాసన అందరికీ హాయిగానే ఉంటుంది. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవదు. సువార్తమ్మ గారు గుర్తొస్తారు.

అరవైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో, చిట్టమూరు వైపు పల్లె నుంచి సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీకి కాపురానికి వచ్చాను. సువార్తమ్మ గారు మా పక్కింటివారు. ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్, మా వార్డుకు కౌన్సిలరు. ఆమె కూర్చుని కాఫీ తాగగా నేను చూడలేదు. గ్లాసు పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే తాగేవారు. ఊరి చివర దొరలు వదిలిపోయిన గోల్ఫ్ మైదానం ఒకటి ఉండేది. మున్సిపాలిటీ దాన్ని చూసుకునేది. సాయంత్రాలు అక్కడ ఆఫీసర్లు, అభ్రకం వ్యాపారులు ఆడేవారు. మా ఆయన అలాంటి ఒక వ్యాపారి దగ్గరే గుమాస్తా. ఆ ఆట మీద సువార్తమ్మ గారికి కోపమేమీ లేదు. "ఆడుకోనీమ్మా. కానీ అది ఊరి సొత్తు గదా. మంచీచెడ్డా అడగాల్సింది మేమే" అనేవారు.

నా బిడ్డకు ఏడాది నిండని వేసవిలో వీధి బావులన్నీ ఉప్పుదేలాయి. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజే వదలాలని కౌన్సిల్ తీర్మానించింది. మైదానంలో మాత్రం ఏదో పోటీ ఉందని రెండు పూటలా గొట్టాలు పారుతూనే ఉన్నాయి. సువార్తమ్మ గారు మీటింగులో అడిగితే, "మీ వార్డు ఆడవాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదే" అని చైర్మన్ నవ్వి ఊరుకున్నారట. ఆ సాయంత్రమే ఆమె మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"రమణమ్మా, ఈసారి మీటింగుకొచ్చి మాట్లాడతావా?"

"నేనా? నేనేం మాట్లాడేది టీచరమ్మా?"

"బిడ్డకు ఏం నీళ్ళు పడతండావో అది చెప్పు. చాలు."

మా ఆయనకు చెబితే ముఖం మాడ్చుకున్నారు. "మా యజమాని కూడా ఆడేది అక్కడే. నా ఉద్యోగం పోతే ఏం తింటాం?" అన్నారు. ఒళ్ళో బిడ్డకు విరేచనాలు కట్టడం లేదు. ఆ ఉప్పునీళ్ళే కాచి, చల్లార్చి మళ్ళీ పట్టాను. మీటింగు రోజు బిడ్డను చంకనేసుకుని, ఆయనకు చెప్పకుండానే వెళ్ళాను.

బయటివాళ్ళు మాట్లాడకూడదన్నారు చైర్మన్. "అట్లయితే నేను మాట్లాడాల్సినంత సేపూ ఆమె మాట్లాడుతుంది" అని సువార్తమ్మ గారు పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. అక్కడ కూర్చున్న మగవాళ్ళందరూ నా వైపు తిరిగారు. నేను అనుకుని వెళ్ళిన మాటలన్నీ పోయాయి.

"మా బావి నీళ్ళు తాగి బిడ్డకు కడుపు చెడింది సార్. గడ్డి ఎండితే వానొస్తే మళ్ళీ మొలుస్తుంది. బిడ్డ అట్లా కాదు గదా" అన్నాను. ఇంకేం చెప్పానో గుర్తు లేదు.

మైదానానికి నీళ్ళు ఆపాలనేవాళ్ళను చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యి ఎక్కువై మా మాట గెలిచింది. ఆ వేసవంతా మైదానం నీళ్ళు వీధులకు మళ్ళాయి. మా ఆయన ఉద్యోగం మాత్రం ఆ వారంలోనే పోయింది. సువార్తమ్మ గారు వచ్చి, "నేనే తీసకపోయినానయ్యా. తిట్టేదేదో నన్ను తిట్టు" అన్నారు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. కుళాయి వదిలిన సాయంత్రం మాత్రం బిందె తీసుకుని తానే వెళ్ళి వరసలో నిలబడ్డారు. గూడూరు నిమ్మకాయల మండీలో పని దొరికేదాకా మా పుట్టింటి బియ్యంతోనే గడిచింది.

తర్వాతి ఎన్నికల్లో పెద్దలంతా ఒకటై సువార్తమ్మ గారిని ఓడించారు. అయినా ప్రతి మీటింగుకూ వెళ్ళి, జనం కూర్చునే బల్ల మీద కూర్చునేవారు.

"సీటు పోయింది గదా, ఇంకా ఎందుకు పోతారు టీచరమ్మా?" అని ఒకసారి అడిగాను.

"సీటు పోతే పోయింది. వినేదానికి చెవులుండాయి గదా" అన్నారు చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. కానీ అందరూ సరేనన్న చోట నన్ను కూర్చోనివ్వని ఆ కుదురులేనితనం నాలో మిగిలిపోయింది. మొన్న కాలనీ సంఘం మీటింగులో, పనివాళ్ళు లిఫ్టు ఎక్కకూడదని తీర్మానం చదివారు. అందరూ తలలూపారు. అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ, "ఇంకేమీ లేవు కదా?" అన్నాడు.

"ఉంది" అని లేచాను.