పాఠం ఆగిన చోటు

శివలీల సంగతి నాకు మొదట చెప్పింది బాలమణక్క. జిల్లాలు విడగొట్టిన యేడు, రెండువేల పదహారు. జడ్చర్లల ఒక డిగ్రీ కాలేజీల ఆమె అటెండరు, మా వెనక సందులనే ఉంటది. ఒకనాడు పొద్దుగాల పాల ప్యాకెట్ చేతుల పట్టుకొనే మా గడపల నిలబడ్డది.

"చెల్లే, కొత్తకోట దిక్కు నుంచి ఒక పిల్ల చేరింది. కండ్లు కనవడవు. ఎవ్వరు తీసుకోని సబ్జెక్టు తీసుకున్నది. గా పాత పద్యాలు ఈ ఊర్ల నువ్వు తప్ప ఎవలు చదువుతరు?"

అప్పటికి రెండేండ్ల నుంచి నేను రీడర్‌గా, స్క్రైబ్‌గా పని చేస్తున్న. చూపు లేని పిల్లలకు పుస్తకం చదివి వినిపించే మనిషి రీడర్. పరీక్షల వాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టే మనిషి స్క్రైబ్. స్క్రైబ్ చదువు, పరీక్ష రాసే మనిషి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలె అనేది రూలు. నాకా ఇబ్బంది లేదు, నాది ఓపెన్ ఇంటర్. చిన్నప్పుడు నేను బడికి పోలే. మాది నేతపని ఇల్లు. బాపు మగ్గం మీద కూసోని పద్యం చదువుతుంటే, పక్కన కండెలు చుట్టుకుంట నేను అప్పజెప్పేది. అక్షరాలు తర్వాత వచ్చినయ్, పద్యాలు ముందే వచ్చినయ్. ఆ దేవుడు నాకు అట్ల రాసిపెట్టిండు, నాకు తక్కువేం చేయలే.

శివలీల వాళ్లది గొర్ల మంద మీద బతికే ఇల్లు. బి.ఏ.ల ఆమె ప్రాచీన తెలుగు సాహిత్యం, సంస్కృతం తీసుకున్నది. ఆ యేడు ఆ గ్రూపుల ఏడుగురే. మొదటి రోజు లైబ్రరీ వరండల కూసున్నంక, ఎందుకు తీసుకున్నవని అడిగిన.

"చెవులతోటి చదివే చదువు గిదే కదక్కా. పద్యం వింటే నిలవడ్తది, వచనం వింటే జారిపోతది."

"మీ ఇంట్ల ఏమన్నరు?"

"గొర్లకాడ పద్యాలు ఎవలు వింటరే అన్నడు మా అన్న. గొర్లు వింటయ్, నువ్వే వినవు అన్న."

అన్న పేరు బీరయ్య. తల్లిదండ్రి లేకపోతే ఈ పిల్లను పెంచింది ఆయనే. సెలవులకు తీస్కపోవాలన్నా, మళ్ల హాస్టల్ల దింపాలన్నా మందను ఇంకొకరికి అప్పజెప్పి రావాలె. అందుకే ఒక కట్టు పెట్టిండు: అన్ని పేపర్లు ఒక్క తాపకే పాస్ కావాలె, ఒక్కటి పోయినా ఇంటికే. శివలీలకేమో డిగ్రీ అయినంక తెలుగు పండిట్ ట్రైనింగ్ చేసి బడిల టీచర్ కావాల్నని ఆశ. రెండున్నరేండ్లు ఒక్క పేపర్ పోకుండ నెట్టుకొచ్చింది.

ఆఖరి సెమిస్టర్ల ప్రబంధాల పేపర్ చెప్పే గెస్ట్ లెక్చరర్‌కు వేరే తాన కొలువు దొరికి మధ్యలనే పోయిండు. మిగిలిన పాఠాలు ఎవరికి వాళ్లు చదువుకోవాల్సి వచ్చింది. శివలీలకైతే నా గొంతే పుస్తకం. అండ్ల ఒక పాఠం చూసి నాకు ఎంత సంబురమైందో. బాపు చదివిన పాత పుస్తకంల ఘట్టమది. ఒక రాణి కొడుకు ఏట్ల కొట్టుకపోతడు. రాణి ఒడ్డున కూలబడి ఏడుస్తది. పాఠ్యపుస్తకం అక్కడికి ఆగింది. అసలు పుస్తకంల ఇంకో ముప్పై పద్యాలున్నయ్. జాలరుల వలల పిల్లగాడు ప్రాణంతోటి దొరుకుతడు.

మా ఇంట్ల పారాయణానికి ఒక పద్ధతి ఉన్నది. దుఃఖం కాడ పుస్తకం మూయొద్దు. ఎంత పనున్నా ఒక మంచి మాట దాక చదివి, కండ్లకద్దుకొని మూయాలె. ఆ రాణి ఏడ్పు కాడ నాకు నోరు ఆగలే. సంచిలకెళ్లి బాపు పుస్తకం తీసి పిల్లగాడు దొరికిందాక చదివిన. తర్వాత మళ్ల చదివిన ప్రతిసారి అట్లనే చేసిన. పాఠ్యపుస్తకం ఎక్కడ అయిపోయిందో, నా పుస్తకం ఎక్కడ మొదలైందో ఒక్కసారి కూడా చెప్పలే. చెప్పాల్నన్న సోయి కూడా రాలే. అంతకుముందు పాఠాలన్ని మంచి కాడనే ముగిసినయ్ కాబట్టి ఈ అవసరం ఎన్నడు పడలే.

పరీక్ష రోజు ఆమెకు వేరే గది ఇచ్చిండ్రు, గంటకు ఇరవై నిమిషాలు ఎక్కువ టైం ఇచ్చిండ్రు. చెప్పింది తప్ప ఒక్క మాట కలపను, తీసేయను, గుర్తుచెయ్యను అని నేను డిక్లరేషన్ ఫారం మీద సంతకం పెట్టిన. కుర్చీల కూసున్న ఇన్విజిలేటర్ మేడం మా దిక్కే చూస్తున్నది.

ప్రశ్నలు చదువుకుంట పోతున్న. అన్నిటికంటె పెద్ద ప్రశ్న ఇది: ఆ రాణి పాఠ్యభాగం ముగింపు చదువరి మనసుల ఏ రసాన్ని మిగులుస్తది, ఉదాహరణలతోటి చర్చించాలె.

శివలీల మొఖం వెలిగింది. "గిది ముందుగాల రాద్దామక్కా. నాకు పక్కా వచ్చు."

పాఠం రాణి ఏడ్పు కాడనే అయిపోయిందని నాకు అప్పుడు సోయికొచ్చింది. ఆమె చెప్పవట్టింది. దుఃఖం తేలిపోయి అద్భుతం, ఆనందం మిగులుతయన్నది. జాలరుల పద్యాలు రెండు తప్పు లేకుండ అప్పజెప్పింది. పాఠంల లేని పద్యాలవి. నా పెన్ను ఆగింది.

"ఏందక్కా, ఆగినవ్?"

మేడం తల ఎత్తింది. "ఏమన్నా ప్రాబ్లమా?"

"ఏం లేదు మేడం" అన్న. "చెప్పు బిడ్డా."

అది తప్పని చెప్పే హక్కు నాకు లేదు. ఆ తప్పు చేసింది నేనే. నాలుగు పేజీలు, ఒక్కో అక్షరం ఆమె చెప్పినట్టే రాసిన.

బయటికి వచ్చినంక, గేటు పక్క జిరాక్స్ షాపు కాడ నిలబెట్టి అంతా చెప్పిన. మొదలు నేను నవ్వులాటకు అంటున్ననని అనుకున్నది. తర్వాత నా భుజం మీది చెయ్యి తీసేసింది.

"మరి మిగిలిన పాఠాలల్ల ఎన్ని మాటలు నీయి, ఎన్ని పుస్తకంవి?"

"గీ ఒక్కటే శివలీలా. దేవుని మీద ఒట్టు."

"ఒట్టు పెట్టకు. నేనెట్ల చూస్కోవాలె? నాకు కాగితం నువ్వే కద."

హాస్టల్ గేటు దాక కూడా నా చెయ్యి పట్టుకోలే. బాలమణక్క వచ్చి తీస్కపోయింది.

ఫలితాలొచ్చినయ్. ఆ పేపర్ పోయింది, కొద్దిల పోయింది. బీరయ్య వచ్చి పెట్టె సర్దించుకొని తీస్కపోయిండు. నేను మూడు దినాలు ఆగి, కురుమూర్తి స్వామికి దండం పెట్టుకొని కొత్తకోట బస్సెక్కిన. ఊరి బయట ఒక కోసిన చేన్ల వాళ్ల మంద ఉన్నది. శివలీల గొంగడి మీద కూసోని ఉన్నది. బీరయ్యకు మొదటి నుంచి చెప్పిన, తప్పు నాదన్న.

ఆయన కట్టె మీద గదుమ ఆనిచ్చి విన్నడు. "అక్కా, గిది చెప్పు. పుస్తకమోళ్లు గా ఏడ్పు కాడనే ఎందుకాపిండ్రు? ఇంకో రెండు పేజీలు ఏస్తే ఏం పోతుండె?"

"సిలబస్ అంతనే తమ్మీ."

"నువ్వైతే పిల్లగాన్ని బతికిస్తివి. గిండ్ల తప్పేందో నాకైతే సమజైతలేదు."

"బతికించింది సరే అన్నా, నా పేపర్ సచ్చింది" అన్నది శివలీల గొంగడి మీద నుంచే.

బీరయ్యకు నవ్వాగలే. నాకు ఏడ్పు ఆగలే. కొంచెంసేపటికి ఆయనే అన్నడు: "సరే, చెల్లె చదవక పోయింది కాదు. ఇంకొక్క తాప. గంతే."

శివలీల మాత్రం అంత సులువుగ ఒప్పుకోలే. "స్క్రైబ్ వేరేటోళ్లను పెట్టుకుంట. రీడర్‌వు నువ్వే ఉండు. కాని పుస్తకంల ఏడ ఆగితే ఆడ ఆగు. ఇంక చదవాల్ననిపిస్తే నాకు చెప్పి చదువు."

అప్పుడే మొదలువెట్టుమన్నది. గొర్ల నడుమ కూసోని చదివిన. రాణి కూలబడ్డది. ఆఖరి పద్యం అయిపోయింది. "పాఠం ఇక్కడికి అయిపోయింది" అన్న. బాపు పుస్తకం సంచిలనే ఉంచిన.

శివలీల కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయ్. మందల ఒక గొర్రెపిల్ల అరిచి ఊకున్నది.

"గిప్పుడు తెలిసిందక్కా గా ప్రశ్న ఎందుకడిగిండ్రో" అన్నది. "నువ్వెన్నడు నన్ను ఆమె పక్కన కూసోనియ్యలే. ఎంబడే పిల్లగాన్ని తెచ్చి చేతుల పెడ్తివి."

కొంగుతోటి మొఖం తుడుచుకొని, "సరే, ఇగ చదువు. నీ పద్ధతి నువ్వు చేస్కో" అన్నది.

బాపు పుస్తకం తీసి, అది వేరే పుస్తకమని చెప్పి, మంచి మాట దాక చదివిన.

సప్లిమెంటరీల ఆమె పాసైంది. ట్రైనింగ్ కూడా చేసి, ఇప్పుడు ఒక బడిల తెలుగు చెప్తున్నది. నా పని నేను చేస్తున్న. ఎవరికి చదివినా పేజీ నంబరు చెప్త, కింద చిన్న అక్షరాల నోట్ ఉంటే చెప్త, పాఠం ఎక్కడ అయిపోయిందో చెప్పి ఆగుత. నాకు ఓదార్పు కావాల్నంటే వాళ్లనడిగి చదువుకుంట. దుఃఖం కాడ కొంచెంసేపు ఆగినా దేవుడు కోపం చేసుకోడని ఆ పిల్ల పుణ్యాన తెలుసుకున్న.

మీ ఇంట్ల కూడ చూపు తగ్గినోళ్లో, అక్షరం రానోళ్లో ఉంటరు. వాళ్లకు ఉత్తరమో, పేపరో, మందుల చీటో చదివి వినిపించే రోజు వస్తది. ఆనాడు మా శివలీలను ఒక్కసారి యాది చేసుకోండి.